ఏం తింటివి?

మా ఇంట్లో ఈ నాలుగేళ్లలో అన్నిటికంటే ఎక్కువసార్లు పలికిన మాట ఇదే అయ్యుంటుంది. పొద్దున్నే మా అమ్మాయి వేలికి సూది గుచ్చుకుని, మీటర్‌లో వచ్చిన అంకె చెప్తుంది. అది 200 దాటితే చాలు, పొయ్యి దగ్గర నుంచే నేను అడిగేదాన్ని: "రాత్రి ఏం తింటివి?" అరిచేదాన్ని కాదు, మామూలుగానే అడిగేదాన్ని. కానీ పదకొండేళ్ల పిల్లకు ఆ మాట ప్రశ్నలా వినపడదు. నువ్వేదో దొంగతనంగా తిన్నావు, నాకు తెలుసు, ఒప్పుకో అన్నట్టు వినపడుతుంది.

ఈ ఒక్క మాట వల్ల మా అమ్మాయి మడమ మీది గాయం మానడం దాదాపు మూడు వారాలు వెనకబడింది. ఎలాగో చెప్తాను. షుగర్ ఉన్న పిల్లల్ని పెంచుతున్న అమ్మానాన్నలు, వాళ్లకంటే ముఖ్యంగా ఆ పిల్లల చుట్టూ ఉండే అవ్వలు, అత్తలు, పక్కింటివాళ్లు ఇది చదవాలని నా కోరిక.

ఆమెకు ఏడేళ్లప్పుడు, ఏప్రిల్ నెలలో జబ్బు బయటపడింది. కర్నూలు ఎండల సంగతి తెలిసిందే. పిల్ల చెంబులకు చెంబులు నీళ్లు తాగుతుంటే ఎండకే అనుకున్నాం. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే, అన్ని నీళ్లు తాగితే అంతే కదా అనుకున్నాం. బుగ్గలు లోపలికి పోతుంటే ఎండాకాలం పిల్లలు అన్నం తినరులే అన్నారు. చివరికి వాంతులై, ఆయాసపడుతూ కళ్లు మూసుకుంటుంటే ఆస్పత్రికి ఎత్తుకుని పరుగెత్తాం. అక్కడ తెలిసింది, టైప్ 1 డయాబెటిస్ అని. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలను నాశనం చేస్తుంది. చాక్లెట్లు తిన్నందుకు వచ్చే జబ్బు కాదు, బిళ్లలతో పోయే జబ్బూ కాదు. బతికినన్నాళ్లూ ఇన్సులిన్ బయటి నుంచే ఇవ్వాలి. డాక్టరు ఇదంతా ఓపిగ్గా చెప్పారు. అయినా ఆ వారంలోనే చూడటానికి వచ్చినవాళ్లలో ముగ్గురు నన్ను అడిగారు: "అంత చిన్నపిల్లకు షుగరేంది? ఏం పెడుతుంటివి?" అప్పుడు నాకెంత మండిందో ఇప్పటికీ గుర్తుంది. అదే మాటను నేను నా బిడ్డ మీద నాలుగేళ్లు వాడాను.

గాయం సంగతికి వస్తాను. పోయిన ఏడు మే నెలలో పత్తికొండ వైపు మా అమ్మవాళ్ల ఊరికి పోయాం. మా వైపు ఇంటి ముందర, అరుగులకు, మెట్లకు నాపబండలు పరుస్తారు. ఆ బండలు దొరికే బేతంచెర్ల దగ్గర్లోనే ఉంది కాబట్టి ఎవరింట్లో చూసినా అవే. పగిలిన బండ అంచు కొడవలి లాంటిది. పిల్లలతో ఆడుతూ అరుగు మీద నుంచి దూకినప్పుడు ఆ అంచుకు మడమ వెనక చీరుకుపోయింది. లోతు లేదు, రెండంగుళాల పొడవు ఉంటుందేమో. మా అమ్మ పసుపు అద్ది పాతచీర గుడ్డ కట్టింది. టీటీ వేయించాం. ఊళ్లో పెళ్లి ఉంది, పది రోజులు అక్కడే ఉండిపోయాం. ఆ పది రోజులూ ఆ కాలు దుమ్ములోనే తిరిగింది.

కర్నూలు వచ్చేసరికి గాయం అంచులు ఎర్రగా ఉబ్బి, మధ్యలో పసుపు పొర కట్టింది. దగ్గర్లో ఒకరి దగ్గర చూపించాం. పూత మందు ఇచ్చి, గాలి తగలనీయండి, ఆరిపోతుంది అన్నారు. ఆరలేదు. పది రోజులు, పదిహేను రోజులు, అలాగే ఉంది. పొద్దున పై పొర ఎండినట్టు కనిపిస్తుంది, సాయంత్రం చెప్పు తగిలి మళ్లీ తడి.

షుగర్ డాక్టరుకు ఫోన్ చేశాను. అంకెలు ఎలా ఉన్నాయని అడిగారు. నోట్‌బుక్ తీసి చదివాను: పరగడుపున 146, 158, 139, 162. బాగానే ఉన్నాయి కదా, అయితే ఇన్సులిన్ మార్చక్కర్లేదు, గాయాన్ని శుభ్రంగా ఉంచండి, వారంలో మానకపోతే తీసుకురండి అన్నారు. నేనూ నెమ్మదించాను. అంకెలు అంత బాగుంటే గాయమెందుకు మానడం లేదో మాత్రం అర్థం కాలేదు.

ఈలోగా చుట్టూ ఉన్నవాళ్ల మాటలు మొదలయ్యాయి. "షుగర్ పిల్లకు గాయం యాడ మానుతాది?" అని ఒకరు. వాళ్ల చిన్నాయనకు బొటనవేలికి చిన్న పుండు లేచి, మొదట వేలు తీసి, తర్వాత పాదం తీసి, చివరికి మోకాలి దాకా తీసేశారని ఇంకొకరు. అదంతా మా హాల్లో కూర్చుని, లోపల గదిలో పిల్ల ఉండగానే చెప్పారు. నేను టీ ఇచ్చి పంపాను. ఆ రాత్రి లైటు తీసేశాక మా అమ్మాయి అడిగింది: "మా, నా కాలు మోకాలి దాకా తీస్తారా, పైదాకా తీస్తారా?"

తీస్తారా అని అడగలేదు. ఎంతవరకు తీస్తారు అని అడిగింది.

ఈ విషయం ఇక్కడే తేల్చి చెప్పాలి. పెద్దవాళ్లలో కాళ్లు తీసేసేదాకా పోవడానికి సాధారణంగా ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్ కారణం. పాదాల్లో నరాలు మొద్దుబారిపోతాయి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. కాళ్లకు పోయే రక్తనాళాలు సన్నబడతాయి, రక్తం అందదు. చూడకుండా వదిలేసిన పుండు ఎముకదాకా పోతుంది. నాలుగేళ్లుగా టైప్ 1 ఉన్న పిల్లకు ఈ స్థితి రావడం చాలా అరుదు. మా అమ్మాయికి ఆ గాయం మీద ఈగ వాలినా తెలిసేది, నొప్పికి ఏడ్చేది. ఆ నొప్పి మంచి గుర్తు అని నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. షుగర్ ఉన్నవాళ్లందరికీ గాయాలు మానవు అనేది అబద్ధం. షుగర్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ గాయం నెమ్మదిగా మానుతుంది, అది నిజం. రక్తంలో గ్లూకోజ్ బాగా పెరిగితే తెల్ల రక్తకణాలు క్రిములతో సరిగ్గా పోరాడలేవు, కొత్త కండ పట్టడమూ మందగిస్తుంది. షుగర్ దిగితే ఆ కణాలే మళ్లీ పని చేస్తాయి. ఈ రెండు మాటల మధ్య ఒక పిల్ల రాత్రి నిద్ర ఉంది. దయచేసి పిల్లల ముందు కాళ్లు తీసేసిన కథలు చెప్పకండి.

జూన్‌లో బడి తెరిచాక మూడో వారం పోతుండగా, జ్వరం వెచ్చగా తగలడంతో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన కట్టు విప్పి చూశారు. నోట్‌బుక్ చూశారు. తర్వాత మీటర్ అడిగారు. మీటర్‌లో పాత అంకెలన్నీ తేదీ, టైముతో సహా దాగి ఉంటాయి. నేను దాన్నెప్పుడూ తెరిచి చూడలేదు. ఆయన బటన్ నొక్కుతూ ఒక్కొక్కటే చూస్తూ పోయారు. పుస్తకంలో 146 ఉన్న రోజు మీటర్‌లో 291. పుస్తకంలో 158 ఉన్న రోజు 312. ఒకటి రెండు రోజులు కాదు, దాదాపు మూడు వారాలు అలాగే ఉన్నాయి.

మా అమ్మాయి తల వంచుకుని కుర్చీ చెక్కను గోటితో గీకుతోంది. నా నోటిదాకా ఏం వచ్చిందో మీకు తెలుసు. నేను నోరు తెరిచేలోపే డాక్టరు ఆమెతో అన్నారు: "ఇవి చెడ్డ అంకెలు కాదమ్మా. నాకు పనికొచ్చేవి ఇవే. ఇవి చూపిస్తేనే కదా మందు సరిగ్గా ఇవ్వగలను."

తర్వాత నాకు చెప్పారు. క్రిములు చేరిన గాయమే షుగర్‌ను పెంచుతుంది. ఒంటికి దెబ్బ తగిలినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఎక్కువ వస్తాయి. అవి కాలేయం చేత గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలిస్తాయి, ఇన్సులిన్‌ను సరిగ్గా పని చేయనీయవు. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పొద్దునకు 290 రావచ్చు. పైగా పదకొండు పన్నెండేళ్ల వయసులో ఎదుగుదల హార్మోన్లవల్ల కూడా తెల్లవారుజామున పెరుగుతుంది. అంటే గాయం షుగర్‌ను పెంచుతోంది, పెరిగిన షుగర్ గాయాన్ని మాననీయడం లేదు. ఆ చక్రాన్ని తెంపాల్సింది పెంచిన ఇన్సులిన్ మోతాదు, యాంటీబయాటిక్. ఫోన్‌లో నేను చదివిన అంకెలు తప్పు కావడం వల్ల ఆ మోతాదు పెరగలేదు.

ఆటోలో సీ క్యాంప్ దాటుతుండగా ఆమె తనంతట తానే మాట్లాడింది. "నిజం చెప్తే ఏం తింటివి అంటావుమా. నేనేం తిన్లేదు. తిన్లేదంటే నమ్మవు." కాసేపాగి మళ్లీ అంది: "ఆరోజు బిస్కెట్లు తిన్నానని చెప్పినా కదా, అది కూడా తిన్లేదు. తిన్నానంటే నువ్వు అడిగేది ఆపుతావని చెప్పినా."

ఆ బిస్కెట్ల రోజు నాకు గుర్తుంది. "చూడు, నిజం చెప్పడం ఎంత మంచిదో" అని మెచ్చుకున్నాను కూడా.

ఇక్కడ నాతో వాదించేవాళ్లున్నారు. మా ఇంట్లోనే ఉన్నారు. పిల్లలకు కాస్త భయం ఉండాలి, లేకపోతే చిప్స్ ప్యాకెట్లు లాగిస్తారు, అడగకపోతే ఎలా అంటారు. అంకెను పట్టించుకోవద్దని నేననడం లేదు. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 రోగుల మీద ఏళ్ల తరబడి జరిపిన పరిశోధన ఫలితాలు 1993లో వచ్చాయి. షుగర్‌ను దగ్గరగా అదుపు చేసినవాళ్లలో కంటి జబ్బు వచ్చే ముప్పు 76 శాతం తగ్గిందని అందులో తేలింది. అంకె మీద నాకున్న టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. కానీ ఆ అదుపు ఎలా సాధ్యమవుతుంది? నిజమైన అంకె తెలిస్తేనే. పిల్ల నిజంగా ఏదో తింది అనుకుందాం, తింటుంది కూడా. పక్కింట్లో పుట్టినరోజైతే కేకు ముక్క చేతిలో పెడతారు, పదకొండేళ్ల పిల్ల వద్దనలేదు. వచ్చి చెప్తే దానికి తగ్గ ఇన్సులిన్ వేస్తాం, రెండు మూడు గంటల్లో సర్దుకుంటుంది. చెప్పకపోతే రాత్రంతా 300 మీద ఉంటుంది. నా భయంవల్ల ఆమె తినడం ఏమన్నా తగ్గిందా అంటే, తగ్గినట్టు నాకెక్కడా కనిపించలేదు. చెప్పడం మాత్రం పూర్తిగా ఆగిపోయింది.

ఒక అంకె పెరగడానికి తిండి ఒక కారణం మాత్రమే. ఊరి నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఇన్సులిన్ ఎండకు వేడెక్కి ఉండొచ్చు. పొట్ట మీద ఒకేచోట మళ్లీ మళ్లీ సూది వేస్తే అక్కడ చర్మం కింద కొవ్వు గడ్డకట్టి మందు సరిగ్గా ఒంటపట్టదు, మా అమ్మాయికి ఎడమ పక్క అలాంటి గడ్డ ఉందని ఆరోజే చూశాం. సిరంజి తేడా కూడా చూసుకోవాలి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండేదానికి నారింజ మూతది. ఒకదానికి వాడాల్సింది ఇంకోదానికి వాడితే మోతాదు మొత్తం తప్పుతుంది. జలుబు, పరీక్ష భయం, నిద్ర చాలకపోవడం, అన్నీ అంకెను కదిలిస్తాయి. వీటిలో దేన్నీ నేనెప్పుడూ అడగలేదు. నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే.

తిండి విషయంలో మేం చేసిన ఇంకో తప్పు ఉంది, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది కాబట్టి వివరంగా చెప్తాను. గాయం మానడం లేదని అందరూ కలిసి ఆమె పళ్లెంలో తగ్గించేశాం. అన్నం మానిపించాం. సంగటి మంచిదన్నారు కాబట్టి చిన్న ముద్ద పెట్టాం, సంగటిలోనూ పిండి పదార్థమే ఉంటుందని, దానికీ ఇన్సులిన్ కావాలని మర్చిపోయాం. ఆదివారం ఉగ్గాని మానిపించాం. గుడ్డు వేడి చేస్తుందని, మాంసం తింటే చీము పడుతుందని ఆపేశాం. ఎదిగే పిల్ల, ఒంటి మీద కొత్త కండ పుట్టాల్సిన సమయం, ఆ కండకు ఇటుకలు లాంటి మాంసకృత్తులనే మేం తీసేశాం.

ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బుకు ఉన్న వైద్యం అదే, ఆకలి. అమెరికాలో ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయికి 1919లో, సరిగ్గా పదకొండేళ్లకు ఈ జబ్బు వచ్చింది. ఆమె తండ్రి 1921లో ఆ దేశ విదేశాంగ మంత్రి అయ్యారు, అంతటివాళ్లకైనా వేరే దారి లేదు. కొలిచి పెట్టే నాలుగు ముద్దలతో మూడేళ్లు ప్రాణం నిలబెట్టారు. 1922 ఆగస్టులో టొరంటోలో, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన డాక్టర్ బాంటింగ్ దగ్గరకు చేరేసరికి దాదాపు పదిహేనేళ్ల పిల్ల బరువు 20 కిలోలు. ఇన్సులిన్ మొదలయ్యాక మామూలుగా తినగలిగింది, 1981 దాకా బతికింది. నేనీ కథ చదివిన రోజు మా అమ్మాయికి రెండు గుడ్లు ఉడకబెట్టాను. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకుని, వందేళ్ల కిందటి ఆకలి వైద్యం చేస్తున్నామని ఆరోజు అర్థమైంది. డాక్టరును అడిగి గుడ్డు, పప్పు, బుడ్డల చట్నీ, పెరుగు అన్నీ మళ్లీ మొదలుపెట్టాం. తిన్నదానికి తగ్గట్టు మోతాదు.

గాయానికి చేసిన వైద్యం చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు, రోజూ చేయడమే కష్టం. ఎక్స్‌రే తీసి ఎముకకు ఏమీ కాలేదని చూశారు. చీము నమూనా పరీక్షకు పంపి, దానికి పనిచేసే యాంటీబయాటిక్ ఇచ్చారు. సెలైన్‌తో కడగడం, మందు పెట్టిన గాజుగుడ్డతో కప్పి ఉంచడం. గాలి తగిలితే మానుతుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. కానీ 1962లోనే జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగాల్లో, ఎండిపోనీయకుండా కప్పి ఉంచిన గాయం మీదే కొత్త చర్మం త్వరగా పరుచుకుందని చూపించారు. పసుపు, కాఫీపొడి, బూడిద, ఆకుపసరు, ఇవేవీ తెరిచిన గాయం మీద వేయకూడదు. మా అమ్మకు ఈ మాట చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. ఆమె ప్రేమతోనే చేసింది. చెప్పినప్పుడు ఆమె తప్పుగా తీసుకోలేదు, "నాకు తెలిసిందదే కదమ్మా" అని ఊరుకుంది.

అన్నిటికంటే మడమకు ఒత్తిడి తగలకుండా చూడటం కష్టమైంది. బూట్లు వద్దు, వెనక తెరిచి ఉన్న చెప్పులే వేయాలి అన్నారు. బడిలో ఒప్పుకోలేదు, యూనిఫాం అంటే యూనిఫాం అన్నారు. అప్పుడు నాకు తెలిసొచ్చింది, ఆమెకు షుగర్ ఉందన్న సంగతే బడిలో చెప్పలేదని. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి, ఊరంతా తెలిస్తే ఎలా అని ఇంట్లో పెద్దలు అన్నారు, మేమూ సరే అన్నాం. అంకె దాచడం తప్పని బిడ్డకు చెప్తూ జబ్బునే దాచిపెట్టాం. దాచడం ఆమె మా దగ్గరే నేర్చుకుంది. మరునాడు మేమిద్దరం బడికి పోయి క్లాస్ టీచరుకు అన్నీ చెప్పాం. చెప్పుల సంగతే కాదు, షుగర్ 70 కంటే కిందికి పడితే ఎలా వణుకుతుందో, వెంటనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు ఎందుకు ఇవ్వాలో కూడా చెప్పాం. ఆమె రాసుకున్నారు.

ఆ జాగ్రత్త త్వరలోనే అక్కరకొచ్చింది. గాయంలో చీము తగ్గుతూ వచ్చేకొద్దీ పెంచిన ఇన్సులిన్ ఎక్కువైపోతుంది, ఇది ముందే తెలిసుండాలి. జూలైలో ఒక రాత్రి రెండు గంటలకు చెమటలు పట్టి లేచింది, 58. చక్కెర నీళ్లు తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, మరునాడు డాక్టరుకు చెప్తే మోతాదు తగ్గించారు. అంకెలన్నీ నిజమైనవి కాబట్టి ఫోన్‌లోనే సర్దుబాటు అయింది.

ఆగస్టు దాటేసరికి గాయం మూసుకుంది. లేత గులాబీ రంగు మచ్చ మిగిలింది. వినాయక నిమజ్జనం రోజు కేసీ కెనాల్ దగ్గరికి మేం పోలేదు, ఆ తొక్కిసలాటలో ఎవరైనా మడమ తొక్కితే మళ్లీ మొదటికొస్తుందని. మిద్దె మీద నుంచి డప్పులు విన్నాం. ఆమెకు కోపమొచ్చింది, వచ్చే ఏడు తప్పకుండా తీసుకుపోతానని మాటిచ్చాను.

నోట్‌బుక్ ఇప్పుడూ ఉంది. అంకె ఎంత వచ్చినా నేను అడిగేది, "ఒంట్లో ఎలా ఉంది, సూది ఎంత వేద్దాం" అని. పాత మాట ఇప్పటికీ నోటిదాకా వస్తుంది, మింగేస్తాను. అంకెల పక్కన ఇంకో గడి గీసి ఆమెకే వదిలేశాను, ఇష్టముంటే రాయొచ్చు, లేకపోతే లేదు. మొదటి రెండు వారాలు ఖాళీగానే ఉంది. తర్వాత ఒకరోజు "నిద్ర పట్టలేదు" అని ఉంది. ఇంకోరోజు "లెక్కల పరీక్ష". పండగ మరునాటి పేజీలో, రాత్రి 9:40కి 268, సూది వేసుకున్నానని గుర్తు, పక్క గడిలో చిన్న అక్షరాలతో: "ఓళిగ, ఒకటిన్నర. బాగుండె."